బరువు మీద కొలత

కామాక్షిపాళ్య, మూడో క్రాసు.
జనవరి చలి ఇంకా నీళ్ళ డ్రమ్ము మూత మీదే కూర్చుంది.
వఠారంలో ఆరిళ్ళకూ కలిపి ఉన్న ఒక్క కొళాయి పక్కన
గోనెపట్టా పరిచి
బండిని సెంటర్ స్టాండెక్కించాను.

వారం రోజులుగా ఒకటే కూత.
రుద్రేశ్ షెడ్డులో కుర్రాడు
స్పానరు మీద కాలేసి తొక్కి తొక్కి
వీణ తీగలా బిగించి పంపాడు.
"టైట్ ఇర్లి సార్" అని భరోసా కూడా ఇచ్చాడు.
అప్పట్నుంచీ మూడో గేరులో
నా వెనకే ఎవరో పళ్ళు కొరుకుతున్నట్టు.

పళ్ళ సంగతి నాకు తెలుసు.
చామరాజపేట ల్యాబు నుంచి
రోజూ ఊరంతా తిప్పేది అవే,
గులాబీరంగు చిగుళ్ళు, డబ్బాకొక పేరు.
మొన్న జయనగర్ క్లినిక్కులో ఒక పెద్దాయన
నా ముందే పెట్టుకుని నవ్వి చూపించాడు.
"కొంచెం పట్టేస్తోంది" అన్నాడు.
డాక్టరు మాట్లాడకుండా ఆకురాయి అందుకున్నాడు.

చైన్ కవరు రబ్బరు బిళ్ళ తీసి వేలు దూర్చాను.
కదల్లేదు.
చక్రం కాస్త తిప్పితే అరంగుళం ఆడింది,
ఇంకాస్త తిప్పితే మళ్ళీ రాయి.
అన్ని లంకెలూ ఒకేలా అరగవు.
ఎక్కడ బాగా బిగుసుకుందో వెతికి
అక్కడ చక్రం ఆపి
ఆ చోటికే వదులివ్వాలి.
వదులున్న చోట కొలిస్తే లెక్క బాగానే వస్తుంది,
బండే రాదు.

యాక్సిల్ నట్టు సడలించాను.
అటు అడ్జస్టరు ఒక చుట్టు, ఇటు ఒక చుట్టు,
అరచేత్తో టైరును ముందుకు నెట్టాను.
ఎడమవైపు మూడో గీత.
కుడివైపు గీతలు నాకు ముందున్న ఓనరు కాలంలోనే అరిగిపోయాయి.
అటు కంటితో,
ఇటు నమ్మకంతో.

పాప జామెట్రీ బాక్సులో స్కేలు.
పాతిక మిల్లీమీటర్లు.
బాగానే ఉంది, కానీ ఇది ఖాళీ బండి కొలత.
మనిషెక్కితే సీటు కిందికి దిగుతుంది,
చైను తనంతట తనే బిగుసుకుంటుంది.
కుర్రాడు మర్చిపోయింది ఇదే.
ఎవరో ఒకరు కూర్చోవాలి.

గడపలో రెడ్డెమ్మ,
ఒళ్ళో గిన్నె, నానిన అనపగింజలు.
పితికిపప్పు ఆమెకి ఇష్టం, పితకడం నా వంతు,
ఈ ఆదివారం నన్ను పిలవలేదు.
శుక్రవారం నుంచీ మాటల్లేవు.
చీటీ పాడి, వచ్చిన ఎనభై వేలూ
తమ్ముడి చేతిలో పెట్టానని.
అడక్కుండా పెట్టానని.
అడిగుంటే ఒప్పుకునేదే.
అదే నన్ను తినేస్తున్నది.

బండిని సైడ్ స్టాండు మీదికి మార్చాను.
సీటు మీద రెండుసార్లు తట్టాను, ఎటో చూస్తూ.
లేచింది. గిన్నెతో సహా వచ్చింది.
మెజెస్టిక్ దాకా వెళ్ళేటప్పుడు కూర్చున్నట్టే
ఒక పక్కకు కూర్చుంది.
పట్టుకోవడానికి నా భుజం లేదు కనక
గిన్నెనే పట్టుకుంది.

కింద వేలికి తెలిసింది.
పాతిక పన్నెండైంది.
ఇన్నేళ్ళూ తను ఎక్కిన ప్రతిసారీ
ఇంత బిగుస్తోందన్నమాట,
ముందు కూర్చున్నవాడికి తెలియకుండా.

ఇంకో అరచుట్టు వదిలాను.
పైన ఆమె వేళ్ళ మధ్య గింజలు
టప్ టప్‌మని పొట్టు విడుస్తున్నాయి.
ఒక పప్పు జారి, కవరు మీద తగిలి ఎగిరి,
స్కేలు పక్కన, గ్రీజులో ఆగింది.
ఇద్దరం దాన్నే చూశాం.

"ఇంకా ఎంతసేపు?"
రెండు రోజుల తర్వాత మొదటి మాట,
బండితోనో, నాతోనో.

"నట్టు బిగించాలి. స్ప్లిట్ పిన్ను పెట్టాలి.
అంతవరకు దిగొద్దు" అన్నాను.

నట్టు బిగించడానికి
ఎవరూ కూర్చోనక్కర్లేదు.
ఆ సంగతి తనకి తెలుసో లేదో,
ఇంకో గింజ నొక్కింది.